రెండు చివర్లూ పసుపు, నడుమ పచ్చ: ఒక మిరప చేను కేసు

గుంటూరు నుంచి పెదనందిపాడు వెళ్లే దారిలో ఎకరంన్నర కౌలు చేను. నల్లరేగడి. సెప్టెంబరు మొదటి వారంలో నాటిన మిరప, లాం ఫారం రకం ఎల్‌సీఏ 334. అక్టోబరు 11 రాత్రి తొమ్మిదింటికి రైతు వాట్సాప్‌లో మూడు ఫొటోలు పెట్టాడు. కింద వాయిస్ మెసేజ్: "మాస్టారూ, రోడ్డు వైపు సాళ్లు పసుపెక్కుతున్నాయండీ. వైరస్సేమోనని టెన్షన్‌గా ఉందండీ. పీకెయ్యమంటారా?"

చాలా ఏళ్లు డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పాను, అందుకే ఆ మాస్టారు పిలుపు. ఇప్పుడు పైర్లు చూసి సలహా చెప్పడం పని. ఈ కేసులో మొదటి సలహా తప్పు నాదే. అది దాచిపెడితే మిగతాదేదీ అర్థం కాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

ఫొటోలో ఈనెలు పచ్చగా ఉన్నాయి, ఈనెల మధ్య పసుపు. నల్లరేగడిలో, సున్నం ఎక్కువున్న చేలల్లో ఇనుము లోపం మనకు ఏటా కనిపించేదే. జెమినీ వైరస్ అయితే ఆకు ముడుచుకోవాలి, అది లేదు. "వైరస్ కాదు, ఇనుము అందట్లేదు. అన్నభేది లీటరుకి 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి కొట్టండి" అని మెసేజ్ పెట్టి పడుకున్నాను.

అది ఏ ఆకో అడగలేదు. ఇనుము ముదురాకు నుంచి లేతాకుకి కదలదు, అందుకే దాని లోపం చిగుళ్లలో మొదలవుతుంది. ఫొటోలో ఉన్నది ముదురాకు. చిగురు ఫొటో మూలన సగం కోసుకుపోయి ఉంది, నిక్షేపంలా పచ్చగా. తర్వాత పెద్దది చేసి చూసుకుంటే కనపడింది. మా పిల్లలు పరీక్షలో ఇలా రాస్తే మార్కులు కోసేవాణ్ని.

ఆరు రోజులు గడిచాక ఫోన్ వచ్చింది. "మీరు చెప్పింది కొట్టాక ఇంకా ఎక్కువైందండీ. ఇప్పుడు బోరు వైపు కూడా మొదలెట్టింది." గొంతులో కోపం లేదు, అదే ఇబ్బందిగా అనిపించింది. మర్నాడు పొద్దున్నే బయల్దేరాను.

చేను

రోడ్డు పక్క గట్టు మీద నిలబడి చూస్తే మొదటి పది పన్నెండు సాళ్లు బాగా దెబ్బతిని ఉన్నాయి. కింది ఆకుల అంచులు గోధుమ రంగుకు మాడి లోపలికి వంగాయి, కొన్ని రాలిపోయాయి. చిగుళ్లు మాత్రం పచ్చగా, కొత్తగా వస్తున్నాయి. ఆ తర్వాతి సాళ్లలో పసుపు పలచబడి, ఇంకాస్త లోపలికి వెళ్తే మాయమైంది. చేను నడుమ భాగం చూస్తే జబ్బు ఉందని ఎవరూ అనరు. అవతలి చివర, బోరు దగ్గర, మళ్లీ పసుపు. ఇక్కడ మాడలేదు, ఈనెల మధ్య ఇప్పుడిప్పుడే తేలుతున్న పసుపు.

రెండు చివర్లూ పసుపు, నడుమ పచ్చ. నేల లోపం ఇలా గీత గీసినట్టు రాదు. వైరస్ అక్కడో మొక్క ఇక్కడో మొక్కగా వస్తుంది. అన్నభేది వల్ల మాడితే చేనంతా మాడాలి, ఎందుకంటే చేనంతా కొట్టారు. చేను మధ్యలో కూర్చుని చాలాసేపు ఆలోచించినా కుదరలేదు.

దారి చూపింది రైతు భార్య. మంచినీళ్లు తెచ్చిచ్చి ఆవిడ యథాలాపంగా అంది: "మొదటిసారి రోడ్డు నించి కొట్టుకొచ్చారు అన్నయ్యగారూ. రెండోసారి పొద్దు మొహాన కొడుతోందని బోరు కాణ్నించి మొదలెట్టారు."

"రెండుసార్లూ ఒకే పంపేనా అమ్మా?"

"అద్దె పంపేగా. ఆ పక్కూరాయనది."

తైవాన్ పంపు, అంటే మందు కొట్టే మోటారు స్ప్రేయర్. అక్టోబరు 3న తామర పురుగుకి మందు కొట్టడానికి తెచ్చారు. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు మిరపను ఊడ్చేసిన దగ్గర్నుంచి రైతులకు పూతలో పురుగు కనపడితే నిద్ర పట్టదు. పంపు ఎవరిది, అంతకు ముందు అందులో ఏం కలిపారు అని ఆగి అడిగే ఓపిక ఎవరికుంటుంది? పని అయ్యాక పంపు సొంతదారుడి దగ్గరికి వెళ్లిపోయింది. 12న నా అన్నభేది కోసం మళ్లీ వచ్చింది. సొంతదారుడికి మొక్కజొన్న ఉంది. సెప్టెంబరు ఆఖర్న పొలంలో ఒక చెక్క, అక్టోబరు మొదటి వారం దాటాక ఇంకో చెక్క విత్తాడు. మొక్కజొన్న విత్తిన ఒకటి రెండు రోజుల్లో కొట్టే కలుపు మందు ఏమిటో మనకందరికీ తెలుసు: అట్రాజిన్ 50 శాతం పొడి.

పొడి మందు నీళ్లలో కరగదు, తేలుతూ ఉంటుంది. పంపు కదలకుండా పెడితే అడుక్కి దిగుతుంది. అదృష్టవశాత్తూ పంపు ఇంకా వీళ్ల పాకలోనే ఉంది. మూత తీసి వడపోత జాలీని గోటితో గీకాను. జాలీ కింది రబ్బరు చుట్టూ తెల్లగా, తడి సున్నంలా పేరుకుని ఉంది. రైతు నా వేలి వంక చూశాడు తప్ప ఏమీ మాట్లాడలేదు.

మొదటి ట్యాంకులో ఆ ముద్ద ఎక్కువ కలుస్తుంది, రెండో దాంట్లో తక్కువ, నాలుగో ట్యాంకుకి పంపు దానంతటదే కడుక్కుంటుంది. ఇరవై లీటర్ల ట్యాంకు సుమారు పది పన్నెండు సెంట్లకు వస్తుంది. రోడ్డు వైపు బాగా మాడిన భాగం సరిగ్గా అంతే. బోరు వైపూ అంతే. నడుమ చేనుకి కడిగిన పంపుతో కొట్టినట్టయింది.

ఆకు చెప్పిన మాట

నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న ఫ్లోరోమీటర్ ఉంది. ఆకుకి క్లిప్పు పెట్టి అరగంట చీకట్లో ఉంచి, ఒక్కసారిగా గట్టి వెలుగు కొడితే, ఆకు ఆ వెలుగులో కొంత ఎర్రటి కాంతిగా వెనక్కి వదులుతుంది. ఆ ఎరుపు ఒక సెకనులో ఎలా పెరిగిందో పరికరం గీత గీస్తుంది. కౌట్‌స్కీ, హిర్ష్ అనే ఇద్దరు 1931లో దీన్ని కంటితోనే గమనించారు. ఆరోగ్యంగా ఉన్న ఆకుకి, వెలుగును వాడుకునే గరిష్ఠ సామర్థ్యం సంఖ్య 0.83 దగ్గర్లో ఉంటుంది.

నడుమ చేను ఆకులు 0.81 ఇచ్చాయి. రోడ్డు వైపు ముదురాకులు 0.58. బోరు వైపు ఆకులు 0.74. ఈ ఒక్క సంఖ్యే చూసి ఊరుకుంటే "కొంచెం నీరసంగా ఉంది" అనుకుని వచ్చేసేవాణ్ని. అసలు సంగతి గీత ఆకారంలో ఉంది. వెలుగు పడ్డ 2 మిల్లీసెకన్ల దగ్గర జె అనే మెట్టు ఉంటుంది. నడుమ చేను ఆకులో ఆ మెట్టు మొత్తం ఎత్తులో సగానికి కాస్త కిందే ఉంది. బోరు వైపు ఆకులో 2 మిల్లీసెకన్లకే గీత దాదాపు చివరి ఎత్తుకి వెళ్లిపోయింది.

కాలువ తూము మూసేస్తే ఎగువన నీళ్లు పొంగినట్టే ఇది. వెలుగు తెచ్చిన ఎలక్ట్రాన్ ముందుకు పోయే దారి లేక మొదటి మజిలీలోనే నిలిచిపోయింది. ఇనుము లోపమో మాంగనీసు లోపమో అయితే గీత ఇలా ఉండదు. మాంగనీసు తక్కువైతే నీళ్లు చీల్చే చోటే పని కుంటుతుంది. అంటే ఎగువ నుంచి రావాల్సిన నీళ్లే రావు, పొంగు ఉండదు, గీత పూర్తి ఎత్తుకి చేరదు. ఇక్కడ దానికి పూర్తిగా తిరగబడి ఉంది.

రెమ్మ పరీక్ష

అనుమానం అనుమానమే. జాలీని లీటరు మినరల్ వాటర్ సీసాలో కడిగి ఆ నీళ్లు గుంటూరు తెచ్చాను. బ్రాడీపేటలో మా ఇంటి వరండాలో నాలుగు సీసాలు పెట్టాను. రెండింటిలో పంపు కడిగిన నీళ్లు, రెండింటిలో బోరు నీళ్లు. ఒక్కో రకానికి ఒక మిరప రెమ్మ, ఒక మొక్కజొన్న లేత ఆకు, కాడ నీళ్లలో మునిగేలా. మా ఇంట్లోవాళ్లు పూలసజ్జ అనుకున్నారు.

మూడు గంటలకు పంపు నీళ్లలోని మిరప రెమ్మలో జె మెట్టు పైకి లేచింది. అదే సమయానికి మొక్కజొన్న ఆకులోనూ లేచింది. చాలామంది ఇక్కడ ఆశ్చర్యపోతారు. మొక్కజొన్నకి అట్రాజిన్ ఏమీ చెయ్యదనే కదా మన నమ్మకం! నిజానికి మొక్కజొన్న హరితరేణువు మిరప హరితరేణువులాగే దెబ్బతింటుంది. తేడా తర్వాత వస్తుంది: మొక్కజొన్న దగ్గర గ్లుటాథయోన్ అనే చిన్న అణువును ఆ మందుకి అతికించి నిర్వీర్యం చేసే ఎంజైమ్ బోలెడంత ఉంది. సాయంత్రం రెండింటినీ మంచి నీళ్లలోకి మార్చాను. తెల్లారేసరికి మొక్కజొన్న గీత మామూలుగా అయిపోయింది. మిరప గీత అలాగే నిలబడి ఉంది.

ఈ పరీక్ష మందు పేరు చెప్పదు. అదే చోట అడ్డుపడే వేరే కలుపు మందైనా మిరపలో ఇదే గీత చూపిస్తుంది. అయితే మొక్కజొన్న ఒక్క రాత్రిలో తేరుకోవడం, పంపు చరిత్ర, జాలీ మీది తెల్ల ముద్ద, మూడూ ఒకే వైపు చూపించాయి. అవశేషాల పరీక్షకి పంపలేదు. రైతు ఎవరిమీదా ఫిర్యాదుకి వెళ్లే ఉద్దేశంలో లేడు, ఆ ఖర్చు నారుకి ఉపయోగపడుతుంది.

అడ్డుపడింది ఎక్కడ

ఇక్కడ కాస్త లోపలికి వెళ్లాలి, ఎందుకంటే "పీకాలా, ఉంచాలా" అన్న రైతు ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది.

ఆకులో నీటిని చీల్చే యంత్రం పేరు ఫోటోసిస్టమ్ 2. 2011లో జపాన్ శాస్త్రవేత్తలు వేడినీటి బుగ్గల్లో పెరిగే ఒక సయనోబాక్టీరియం నుంచి దీన్ని తీసి, 1.9 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో, అంటే దాదాపు ఒక్కో పరమాణువూ తెలిసేంతగా, నిర్మాణం చూపించారు. ఇరవై ప్రొటీన్ భాగాలు, మొత్తం బరువు 350 కిలోడాల్టన్లు. మొక్కలోనూ నడుమ కట్టడం దాదాపు ఇదే. మధ్యలో డీ1, డీ2 అనే రెండు ప్రొటీన్లు జంటగా ఉంటాయి. వాటికి చెరో పక్క సీపీ43, సీపీ47, వెలుగు పోగుచేసేవి. పాఠ్యపుస్తకాల్లో బొమ్మ ఇంతటితో అయిపోతుంది. ఇరవైలో సగానికి పైగా భాగాలకు ఆ బొమ్మలో చోటే ఉండదు. అవన్నీ చిన్నవి. చాలావాటికి ముప్పై నలభై అమైనో ఆమ్లాలే ఉంటాయి, హరితరేణువు లోపలి పొరలో ఒక్కసారి గుచ్చుకుని నిలబడతాయి. డీ1 అయితే 340 పైచిలుకు.

డీ1 మీద ఒక గుంట ఉంది. క్యూబీ అనే ప్లాస్టోక్వినోన్ అణువు వచ్చి అందులో కూర్చుని, రెండు ఎలక్ట్రాన్లు ఎక్కించుకుని వెళ్లిపోతుంది, ఖాళీ అయిన చోట ఇంకొకటి కూర్చుంటుంది. ఆర్టీసీ బస్టాండులో ప్లాట్‌ఫామ్ అనుకోండి. అట్రాజిన్ ఆ ప్లాట్‌ఫామ్ మీద వచ్చి ఆగిపోయే బండి. ఎవరినీ ఎక్కించుకోదు, కదలదు. ఆ గుంటలో 264వ స్థానంలో ఉన్న సెరిన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుని ఉంటుంది. అక్కడ సెరిన్ బదులు గ్లైసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం ఉంటే పట్టు దొరకదు. 1983లో తోటకూర జాతి కలుపు మొక్క ఒకదానిలో ఇదే మార్పు కనిపెట్టి, అట్రాజిన్‌కి అది ఎందుకు చావట్లేదో తేల్చారు.

అయితే ఆ గుంటను గుంటగా ఉంచేది డీ1 ఒక్కటే కాదు. ఈ సంగతి పొగాకు మొక్క చెప్పింది. గుంటూరులో పొగాకు అంటే బోర్డు ఆఫీసూ వేలం బేళ్లూ గుర్తొస్తాయి, పరిశోధకులకి మాత్రం అది వేరే రకంగా బంగారం. పొగాకు హరితరేణువు జన్యుపటాన్ని 1986లోనే పూర్తిగా చదివేశారు. 1990లో హరితరేణువులోని డీఎన్‌ఏని స్థిరంగా మార్చగలిగిన మొదటి పెద్ద మొక్క కూడా అదే. చిన్న భాగాల జన్యువులు చాలావరకు ఆ డీఎన్‌ఏలోనే ఉంటాయి కాబట్టి, ఒక్కొక్కటి తీసేసి ఏమవుతుందో చూడటం మొదలుపెట్టారు. మిరపకు పొగాకు దాయాదే, రెండూ వంగ కుటుంబమే. అందుకని ఈ ఫలితాలు మన చేనుకి దగ్గరివనే నేను అనుకుంటాను.

పీఎస్‌బీ-ఈ, పీఎస్‌బీ-ఎఫ్ అనే రెండు చిన్న భాగాలు కలిసి సైటోక్రోమ్ బీ559 అనే ప్రొటీన్ అవుతాయి. ఎఫ్‌లో ఉన్నవి 39 అమైనో ఆమ్లాలు. వీటిలో ఏది తీసినా, పక్కనే ఉండే పీఎస్‌బీ-ఎల్‌ను తీసినా, పొగాకులో ఫోటోసిస్టమ్ 2 నిలబడలేదు. మొక్కకు చక్కెర పోస్తే తప్ప బతకలేదు. పీఎస్‌బీ-జె (గీతలోని జె మెట్టుకీ దీనికీ సంబంధం లేదు) తీసేస్తే యంత్రం కట్టుకుంది, పని మాత్రం సరిగా సాగలేదు. పీఎస్‌బీ-ఎం కథ నాకు మరీ ఇష్టం. 2007లో పొగాకులో ఎం జన్యువు తీసేశారు. మొక్క పచ్చగానే పెరిగింది. కొలిచి చూస్తే క్యూబీ గుంట లక్షణాలే మారిపోయాయి, ఎలక్ట్రాన్ల నడక తేడా పడింది, గట్టి వెలుగుకి మొక్క తట్టుకోలేకపోయింది. ఎం ఆ గుంటకి తగులుతూ కూడా ఉండదు! తలుపు సరిగ్గా మూసుకోవట్లేదంటే తప్పు తలుపుది కాకపోవచ్చు, గుమ్మం కమ్మి పక్కన రాయి కదిలి ఉండొచ్చు, అలాంటిది.

మాడింది ఎందుకు

అట్రాజిన్ మొక్కను ఆకలితో చంపుతుందని చాలామంది డీలర్లు చెబుతారు, నేనూ ఒకప్పుడు క్లాసులో అలాగే చెప్పాను. ఆకలి నెమ్మదిగా చంపుతుంది. ఆకు అంచు వారంలో మాడింది ఎండ వల్ల. ఎలక్ట్రాన్ పోయే దారి లేనప్పుడు పత్రహరితం పుచ్చుకున్న వెలుగు ఆక్సిజన్ మీదికి మళ్లుతుంది. అలా పుట్టే సింగ్లెట్ ఆక్సిజన్ పక్కనున్న కొవ్వుల్నీ ప్రొటీన్లనీ కాల్చేస్తుంది. ముందు బలయ్యేది డీ1.

మామూలుగా ఎండ ఎక్కువైతే ఆకు తప్పించుకునే ఉపాయం ఒకటి ఉంది. అక్కర్లేని వెలుగును వేడిగా మార్చి వదిలేస్తుంది. దానికి మీట పీఎస్‌బీ-ఎస్ అనే 22 కిలోడాల్టన్ల ప్రొటీన్. ఆ పని దానిదేనని 2000లో తేలింది. ఈ మీట ఎప్పుడు పడుతుంది? హరితరేణువులో ఉండే థైలకాయిడ్ అనే పొర సంచి లోపల ఆమ్లత్వం పెరిగినప్పుడు. ఆమ్లత్వం ఎప్పుడు పెరుగుతుంది? ఎలక్ట్రాన్లు నడుస్తున్నప్పుడు. అట్రాజిన్ నడకే ఆపేసింది. అంటే దారీ మూసుకుంది, మీటా పడలేదు. ప్రెషర్ కుక్కర్‌కి విజిల్ కూడా బిగుసుకుపోయిన పరిస్థితి. రోడ్డు వైపు అడ్డు నీడ లేదు, అక్టోబరు ఎండ గట్టిగా కాసింది. ఆ వైపు అంత మాడటానికి మోతాదుతో పాటు ఇదీ కారణమే.

పీకాలా, ఉంచాలా

బోరు వైపు ఆకుల్లో 0.74 అంటే దారి మూసుకుంది కానీ యంత్రాలు ఇంకా విరిగిపోలేదు. 0.58 అంటే చాలా యంత్రాల్లో డీ1 పోయింది. అయితే డీ1 పోవడం మొక్కకి కొత్త కాదు. నడి ఎండలో ఆరోగ్యంగా ఉన్న ఆకు కూడా గంటల లెక్కన డీ1ని పారేసి కొత్తది పెట్టుకుంటూనే ఉంటుంది. యంత్రం సగం విప్పుకుంటుంది, సీపీ43 తన దగ్గరి చిన్న భాగాలతో సహా పక్కకు జరుగుతుంది, ఎఫ్‌టీఎస్‌హెచ్ అనే ప్రొటీన్ కోత ఎంజైమ్ పాత డీ1ని కొరికి తీసేస్తుంది, కొత్త డీ1 తయారవుతూనే ఆ ఖాళీలోకి దిగుతుంది, సీపీ43 మళ్లీ వచ్చి మూత పెడుతుంది. సైటోక్రోమ్ బీ559 లాంటి చిన్నవి డీ2 పక్కన నిలబడి ఉంటేనే కొత్తదానికి కూర్చునే చోటు. పీఎస్‌బీ-టీ అనే ఇంకో చిన్న భాగం లేకపోతే వెలుగు దెబ్బ నుంచి తేరుకోవడం మందగిస్తుందని ఆకుపచ్చ నాచు క్లామిడోమోనాస్‌లో 2001లోనే చూపించారు.

కాబట్టి నేను ఆకు ఆకూ చూసి వేసుకున్న లెక్క ఇది: మాడి గోధుమ రంగైన ఆకు పోయినట్టే, అందులో పొరలే లేవు. పసుపుగా ఉండి పరికరంలో 0.5 పైన చూపించే ఆకులో బాగుచేసుకునే సరంజామా ఇంకా ఉంది. టైమ్ ఇవ్వాలి, ఎండ తగ్గించాలి. ఈ 0.5 అన్నది నా అనుభవపు అంచనా, ఎక్కడా రాసిపెట్టి ఉన్న గీటురాయి కాదు.

చిగుళ్లు పచ్చగా ఉండటం ఇంకో ధైర్యం. ఆకు మీద పడ్డ అట్రాజిన్ ఆ ఆకులోనే ఉండిపోతుంది, చిగురుకి ఎక్కదు. నేలలో పడితే వేర్లు పీల్చి పైకి పంపుతాయి. పీహెచ్ ఎక్కువున్న నేలల్లో అది త్వరగా విరగదు కాబట్టి నల్లరేగడిలో ఇది నన్ను కాస్త భయపెట్టింది. చిగురు కొలిస్తే గీత శుభ్రంగా ఉంది. నేలలో పడింది తక్కువే అనుకున్నాను.

సలహా ఇలా ఇచ్చాను. చేను పీకొద్దు. రోడ్డు వైపు మొదటి సాళ్లలో పూర్తిగా ఎండిన మొక్కల చోట మాత్రం నారు తెచ్చి నాటండి. పది రోజులు ఏ స్ప్రే వద్దు, తామర పురుగు కనపడితే ముందు నాకు ఫోన్ చెయ్యండి. నీళ్లు తేలిగ్గా పెట్టండి. బోరు వైపు రెండు సాళ్ల మీద, నర్సరీ దగ్గర మిగిలిన ఆకుపచ్చ షేడ్ నెట్ కప్పుదాం.

ఈలోగా డీలర్ ఒకాయన ప్రొటీన్ టానిక్ ఇచ్చి పంపాడట, "ఆకులో ప్రొటీన్ పోయింది కదా, పైనుంచి ఇద్దాం" అని. రైతు సీసా చూపించి అడిగాడు. పనిచెయ్యదు అన్నాను. డీ1 గానీ, ఆ ముప్పై నలభై అమైనో ఆమ్లాల చిన్న ముక్కలు గానీ, హరితరేణువు లోపలే తయారై పొరలోకి దిగాలి. సీసాలోంచి ఆకు మీద పోస్తే అక్కడికి చేరే దారి లేదు. సీసా వెనక్కి ఇచ్చేశాడో లేదో తెలియదు. కొట్టలేదని మాత్రం ఒట్టేసి చెప్పాడు.

తర్వాత

అయిదో రోజున వెళ్లి కొలిస్తే నెట్ కింద ఆకులు 0.79, పక్క సాళ్లలో నెట్ లేని ఆకులు 0.73. జె మెట్టు రెండింటిలోనూ దిగుతోంది, నెట్ కింద ఎక్కువ దిగింది. రెండు సాళ్లతో రుజువయ్యేది ఏమీ లేదు, తర్వాత బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి నాలుగు రోజులు మబ్బు వేయడంతో నా పోలికే చెడిపోయింది. చేనంతటికీ దేవుడే నెట్ కప్పాడని రైతు నవ్వాడు. నాకు లెక్క పోయిందన్న బాధ, ఆయనకి పైరు తేరుకుందన్న సంతోషం.

నవంబరు మూడో వారానికి బోరు వైపు మొక్కలు మిగతా చేనుతో కలిసిపోయాయి, పిందె మాత్రం వారం పది రోజులు వెనక పడింది. రోడ్డు వైపు సుమారు మూడో వంతు మొక్కలు కొత్తగా నాటాల్సి వచ్చింది. ఆ నారు ఖర్చులో సగం నేను పెట్టుకున్నాను. రైతు వద్దన్నాడు. రెండో స్ప్రే నా మాట మీదే కొట్టాడు కదా.

చివరగా పంపు సొంతదారుడి దగ్గరికి ఇద్దరం వెళ్లాం. పంపును కడగడం చూపించాను: జాలీ, నాజిల్, రబ్బరు వాషరు విడదీసి, బట్టల సోడా నీళ్లతో ఒకసారి, మామూలు నీళ్లతో మూడుసార్లు, గొట్టంలోంచి కూడా వదులుతూ. కలుపు మందుకి వేరే పంపు పెట్టుకోవడం అన్నిటికన్నా మేలని చెప్పాను. ఆయన తలూపాడు కానీ ఒప్పుకున్నట్టు లేదు. అప్పుడు సంచిలోంచి నా సీసాలు తీసి గట్టు మీద పెట్టాను. ఒకే నీళ్లు తాగిన మిరప రెమ్మ పసుపెక్కి వేలాడుతోంది, మొక్కజొన్న ఆకు నిటారుగా పచ్చగా ఉంది.

ఆయన మిరప రెమ్మ వంక చూడనే లేదు. మొక్కజొన్న ఆకును వేళ్ల మధ్య నలిపి చూసి, "బానే ఉందిగా మాస్టారూ" అన్నాడు.